దొడ్డిదారిన చూడాల్సిన ఇల్లు

బ్రిటన్‌లో పాత దొరల భవనాలు చూడటానికి వెళ్ళినప్పుడు మనవాళ్ళు మొట్టమొదట చేసే పని ఒకటుంది. కారు దిగి, భవనం మొత్తం ఫ్రేములో పట్టేదాకా వెనక్కి వెనక్కి నడిచి, ఒక ఫొటో. వేల్స్‌లో రెక్సమ్ ఊరికి దక్షిణంగా రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఎర్దిగ్ దగ్గర ఆ ఫొటో తీసి చూడండి. పదమూడు వరసల కిటికీలు, బూడిదరంగు రాతి గోడ, మధ్యలో మెట్లు. అంతే. ఏ జిల్లా కేంద్రంలోనో బ్రిటిష్ వాళ్ళు కట్టిపోయిన కలెక్టరాఫీసు అన్నా నమ్మేస్తారు. (రెక్సమ్ పేరు ఈమధ్య అందరికీ తెలిసింది ఫుట్‌బాల్ క్లబ్బు వల్ల, దాన్ని కొన్న ఇద్దరు సినిమా నటుల వల్ల. నేను చెప్పబోయేది ఆ సంగతి కాదు.)

అయినా ఆ దేశంలో నేను చూసిన భవనాలన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. దాన్ని వాస్తుకళగా మెచ్చుకునేవాళ్ళు గానీ, దోపిడీ సొమ్ముతో కట్టిన కొంప అని కొట్టిపారేసేవాళ్ళు గానీ ఇద్దరూ ఒకే వైపు నుంచి చూస్తున్నారని నా వాదన. ఇద్దరూ నిలబడేది ముందు వాకిట్లోనే. ఈ ఇంటికి సరైన ద్వారం వెనక ఉంది.

ముందు ఆ వాకిలి సంగతే తేల్చేద్దాం. 1684లో జాషువా ఎడిస్‌బరీ అనే స్థానిక పెద్దమనిషి ఇల్లు మొదలుపెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందు డెన్‌బీషైర్‌కి షెరీఫ్‌గా చేశాడు, హోదాకి తగ్గ ఇల్లు కావాలనిపించింది. కట్టింది లండన్ నుంచి వచ్చిన పేరున్న ఆర్కిటెక్ట్ ఎవరూ కాదు, పక్కనున్న చెషైర్‌లో మిడిల్‌విచ్ ఊరి మేస్త్రీ థామస్ వెబ్. తొమ్మిది కిటికీల వెడల్పున ఎర్ర ఇటుకల ఇల్లు, సగం నేలలోకి దిగిన కింది అంతస్తు, దాని మీద రెండు అంతస్తులు, పైన అటక. తీరుగా, పొదుపుగా, ఎక్కువ మాట్లాడని ఇల్లు. ఎడిస్‌బరీ మాత్రం అప్పులపాలై దివాలా తీశాడు. తర్వాత కొన్నది జాన్ మెల్లర్ అనే లండన్ లాయరు. ఆయన 1720లలో రెండు పక్కలా చెరో రెండు కిటికీల వెడల్పున రెక్కలు అతికించాడు. తొమ్మిది పదమూడయ్యాయి. ఎత్తు పెరగలేదు, పొడవు మాత్రం పెరిగింది. మెల్లర్‌కి పెళ్ళాం పిల్లలు లేరు, 1733లో ఆస్తి మేనల్లుడు సైమన్ యార్క్‌కి వెళ్ళింది. అక్కణ్ణుంచి 240 ఏళ్ళపాటు యార్క్‌లే. ప్రతి యజమాని పేరూ సైమన్, లేకపోతే ఫిలిప్, ఈ రెండే. వంశవృక్షం చదవాలంటే తల తిరుగుతుంది.

ముందున్న పడమటి గోడ ఇటుకల్ని వాన, గాలి తినేస్తున్నాయని 1770లలో మొదటి ఫిలిప్ యార్క్ జేమ్స్ వయట్ అనే ఆర్కిటెక్ట్‌ని పిలిపించాడు. వయట్ ఆ రోజుల్లో దేశమంతా పిలిచే పేరు. ఆయన చేసిందేమిటంటే, ఆ ఇటుక గోడకి రాతి తొడుగు తొడిగాడు. వాన ఆగింది. ఇంటికి ఉన్న కాస్త రంగు కూడా పోయింది. మీకు నిజంగా వెబ్ మేస్త్రీ కట్టిన ఇల్లు చూడాలని ఉంటే తూర్పు వైపు, తోటలోకి వెళ్ళండి. అక్కడ ఇటుకలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఎదురుగా పొడవాటి నీటి కాలువ, దాని పక్కన నిమ్మచెట్లని మనవాళ్ళు పొరబడే లైమ్ చెట్ల వరసలు. ముందుభాగం గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

1973లో పాత భవనాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చి, నాలుగేళ్ళ మరమ్మతు తర్వాత 1977లో తెరిచినప్పుడు వాళ్ళు ఒక నిర్ణయం తీసుకున్నారు. సందర్శకుల్ని ముందు మెట్ల మీద నుంచి కాకుండా పనివాళ్ళ పెరళ్ళ లోంచి రప్పించారు. ఆ కాలానికి అది కొత్త. దొరవారి హాలు, దొరసాని పడకగది, వెండి పళ్ళేలు చూసి బయటపడటమే అప్పటిదాకా రివాజు.

ఆ దారిన వెళితే మొదట తగిలేవి వడ్రంగి కొట్టం, దుంగలు కోసే గొయ్యి, కమ్మరి కొలిమి. గొయ్యి దగ్గర కాసేపు ఆగండి. దుంగని గొయ్యికి అడ్డంగా పెట్టి, ఒకడు పైన నిలబడి, ఒకడు గోతిలోకి దిగి నిలువు రంపం లాగేవాళ్ళు. గీత తప్పకుండా చూసుకునే పని పైవాడిది. రంపంపొట్టంతా రాలేది కిందివాడి కళ్ళలో. ఇంటికి కావలసిన పలకలు, తలుపులు, కంచెలకి కలప ఇక్కడే తయారయ్యేది. కమ్మరి దగ్గర గుర్రపు నాడాల నుంచి గేట్ల బందుల దాకా. అంటే ఇల్లు తనని తానే మరమ్మతు చేసుకునే యంత్రాంగాన్ని పక్కనే పెట్టుకుంది. ముందు గోడలో కనిపించని అసలు డిజైన్ ఇది. ఏ పని ఎక్కడ, దేని పక్కన ఏది, ఎవరు ఎటు నడవాలి, ఎవరికి ఎవరు కనిపించకూడదు. అది నిజంగా ఆలోచించి వేసిన ప్లానే.

తర్వాత గుర్రపుశాల, రొట్టెలు కాల్చే గది, బట్టలుతికే గదులు. ఉతకడానికొకటి, ఆరబెట్టి ఇస్త్రీ చేయడానికొకటి. రెండోదాంట్లో ఒక పెద్ద పెట్టె ఉంటుంది, మంచమంత. దాన్నిండా రాళ్ళు. దుప్పట్లని కొయ్య రోలర్లకి చుట్టి ఆ పెట్టె కింద పెట్టి, చక్రం తిప్పుతూ పెట్టెని అటూ ఇటూ దొర్లిస్తే ఆ బరువుకి ముడతలు పోతాయి. పక్కనే నిలబడి దాని పరిమాణం చూస్తే, పైన పడకగదిలో తెల్లగా పరిచిన దుప్పటి మీద అభిప్రాయం మారిపోతుంది. ఆడవాళ్ళు తిప్పిన చక్రం అది.

వంటిల్లు 1770ల నాటిది. నిప్పు భయంతో మొదట దాన్ని ఇంటికి దూరంగా, విడిగా కట్టారు, తర్వాత కలిపారు. ఎత్తయిన కప్పు, పెద్ద ఆర్చీ కిటికీ, పొయ్యిల మీద రాతి ఆర్చీలు. నిజానికి ఈ వంటింటి ఆర్చీలకున్న ఠీవి ఇంటి ముందు గోడకి లేదు! ఆర్చీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, వృథా చేయకపోతే లోటు రాదని. ఆ నీతి రాయించింది ఎవరు, రోజూ తలెత్తి చదవాల్సింది ఎవరు అన్నది గమనించండి. భోజనశాలలో అలాంటి రాతలేమీ లేవు. ఆ భోజనశాలని 1826లో థామస్ హాపర్ అనే ఆర్కిటెక్ట్ తిరగదిద్దాడు. వంటింట్లో వండిన మాంసం కింది అంతస్తు నడవాలో, పైన వరసగా వేలాడే పిలుపు గంటల కిందుగా సాగి, మెట్లెక్కి ఈ గదిలోకి రావాలి. వేడిగా తిన్నారని నేననుకోను.

హాపర్ పేరు వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. వేల్స్‌లోనే, బాంగోర్ దగ్గర పెన్‌రిన్ కోట కట్టింది కూడా ఆయనే. ఎర్దిగ్ భోజనశాల పని చేసిన రోజుల్లో దాని పనీ నడుస్తూనే ఉంది. జమైకా చెరకు తోటల్లో బానిసల చాకిరీ మీద వచ్చిన సొమ్ము, ఆ పక్క కొండల్లో పలకరాయి గనుల సొమ్ము కలిసి దాన్ని లేపాయి. నార్మన్ రాజుల కాలం నాటిదని భ్రమ కలిగించే బురుజులు, గుహల్లాంటి ఆర్చీలు, పలకరాతితో చెక్కిన టన్ను బరువు మంచం. 1900 నుంచి 1903 దాకా ఆ గని కార్మికులు మూడేళ్ళు సమ్మె చేశారు, బ్రిటన్ చరిత్రలో అతి పొడవైన సమ్మెల్లో అదొకటి. పెన్‌రిన్‌లో డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో గోడలే అరిచి చెబుతాయి, కొండ మీద నిలబడి కిందివాళ్ళని బెదిరించడానికే కట్టిన ఆకారం అది. ఎర్దిగ్ అలా అరవదు. అందుకే చాలామంది దాన్ని మంచి ఇల్లు అనుకుంటారు. ఇక్కడే నాకు పేచీ.

ఎర్దిగ్‌కి ఆ పేరు తెచ్చింది పనివాళ్ళ బొమ్మలు. మొదటి ఫిలిప్ యార్క్ 1790లలో డెన్‌బీ చిత్రకారుడు జాన్ వాల్టర్స్ చేత తన నౌకర్ల నూనెరంగుల పటాలు వేయించాడు. ప్రతి బొమ్మలోనూ ఆ మనిషి గురించి ఆయనే కట్టిన పద్యం. వాటిలో జేన్ ఎబ్రెల్ అనే ముసలమ్మ ఉంది, 1793లో బొమ్మ వేసేనాటికి 87 ఏళ్ళు. చేతిలో బూజుకర్ర. బూజు దులపడమే ఆమె హోదాగా రాశారు. ఒకప్పటి పనిమనిషి, బండి తోలేవాడి భార్య. వడ్రంగి, కమ్మరి, వంటింటి మనిషి, అందరూ తమ తమ పనిముట్లతో. తర్వాతి తరాల్లో ఫొటోలు వచ్చాక వాటికీ పద్యాలు కట్టారు, అవి కింది నడవా గోడల నిండా ఉన్నాయి. ఏ దివాణంలోనైనా, ఏ గడీలోనైనా ఇలా బూజు దులిపే ముసలమ్మ బొమ్మ గోడకెక్కిందా? నేను చూడలేదు. యార్క్‌ల గొప్పతనాన్ని ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

అయితే అదే గదిలో ఇంకో బొమ్మ ఉంది. ఒక నల్లజాతి కుర్రవాడు, చేతిలో కొమ్ము బూర. మెల్లర్ కాలం వాడని చెప్పుకుంటారు. ఫిలిప్ యార్క్ ఆ బొమ్మకీ పద్యం కట్టాడు. అది మొదలయ్యేది ఇలా: ఇతని సంగతులు మాకు పెద్దగా తెలియవు, ఏదైతేనేం ఇక్కడ ఉండేవాడు, మెల్లర్ దొరకి కొమ్ము ఊదేవాడు. పేరు లేదు. 87 ఏళ్ళ ముసలమ్మకి పేరుంది, కమ్మరికి పేరుంది, ఈ పిల్లవాడికి లేదు. ఆ పద్యం చమత్కారంగా ఉంది, ప్రాస బాగా కుదిరింది. చదివినకొద్దీ చిరాకు పుడుతుంది.

ఇంకో సంగతి. 1907లో ఈ ఇంటి వంటమనిషి, ఇంటి పెత్తనం చూసుకునే ఎలెన్ పెన్‌కెత్ మీద యజమానులు దొంగతనం కేసు పెట్టారు. 500 పౌండ్లు కాజేసిందని. కోర్టులో జ్యూరీ ఆమెని నిర్దోషిగా వదిలేసింది. యార్క్‌లు మాత్రం ఆమెని దొంగ అనే తలుచుకున్నారు. నమ్మకంగా ముసలివాళ్ళయ్యేదాకా పనిచేసిన వాళ్ళకి పటాలూ పద్యాలూ, లెక్కల్లో తేడా వచ్చిన వాళ్ళకి పోలీసులు. ప్రేమ లేదని నేననడం లేదు. ఆ ప్రేమకి షరతులున్నాయి, ఇంటి ప్లానులో ఆ షరతులు ఇటుకల్లోనే రాసి ఉన్నాయి. ఎవరు ఏ మెట్లు వాడాలో, ఎవరు ఏ అటకలో పడుకోవాలో.

ఇక మనకి నేరుగా తగిలే సంగతి. ఎడిస్‌బరీ ఇల్లు కట్టడానికి అప్పు చేశాడన్నాను కదా, అప్పిచ్చినవాళ్ళలో ఒకడు పక్క ఎస్టేటు వాడు, ఎలిహు యేల్. అమెరికాలో యూనివర్సిటీకి పేరు ఇచ్చిన యేలే. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసు చేరి, 1687లో సెయింట్ జార్జి కోట గవర్నరయ్యాడు. కంపెనీ పదవిని అడ్డం పెట్టుకుని సొంత వ్యాపారం చేసుకున్నాడన్న ఆరోపణల మీద 1692లో పదవి ఊడింది. ఆయన సొంత వ్యాపారంలో పెద్ద భాగం వజ్రాలు. ఆ రోజుల్లో వజ్రాలంటే ఎక్కువ భాగం గోల్కొండ రాజ్యంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనులవే. కంపెనీ మద్రాసు నుంచి ఓడలకెత్తిన బట్టల్లో మచిలీపట్నం సరుకుంది, నరసాపురం పక్క మాధవాయిపాలెం నేత ఉంది. ఎడిస్‌బరీకి ఇచ్చిన అప్పులో ఏ పౌను ఏ గనిదో, ఏ మగ్గానిదో లెక్కగట్టడం ఎవరి వల్లా కాదు, కానీ ఆ డబ్బు పుట్టిన తీరం మాత్రం మనదే.

యేల్ మద్రాసు నుంచి ఎడిస్‌బరీకి పంపిన కానుక ఒకటి ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. లక్క పూత పూసి బొమ్మలు చెక్కిన చైనా మడత తెర. మామూలుగా వాటిని కోరమాండల్ తెరలంటారు, మన తీరం మీదుగా ఓడలు మారి యూరప్ వెళ్ళేవి కనుక. చాలామంది దాన్ని చైనా వస్తువుగా చూసి ముందుకి సాగిపోతారు. ఈ ఇంట్లో డబ్బు దారి కళ్ళకి కనిపించే వస్తువు ఏదైనా ఉందంటే అదొక్కటే. కానుక పంపిన స్నేహితుడే తర్వాత బాకీదారుడి ఇంటి మీదికి వచ్చిన అప్పులవాడు కూడా. యేల్ 1721లో పోయాడు, రెక్సమ్ సెయింట్ జైల్స్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. ఆయన సొంత ఇల్లు ప్లాస్ గ్రోనో యార్క్‌ల ఎస్టేటులో కలిసిపోయింది, 1876లో కూల్చేశారు.

పైన మద్రాసు డబ్బు సంగతి ఇదైతే, కింద బొగ్గు సంగతి వేరు. రెక్సమ్ చుట్టూ నేలంతా బొగ్గే. 1947లో గనులు జాతీయం అయ్యాక పక్కనున్న బెర్షమ్ గని పొరలు ఇంటి కిందికి వచ్చాయి. ఇల్లు కుంగింది, ఒక పక్క సుమారు ఐదడుగులు. గోడలు చీలాయి, పైకప్పు కారింది. మెల్లర్ కాలం నాటి చైనా పట్టు కుట్టిన మంచం ఉన్న గదిలో వాన కురిసింది. నాలుగో సైమన్ యార్క్ కరెంటు కూడా పెట్టించకుండా, ఎవరినీ రానివ్వకుండా 1966లో పోయాడు. తర్వాత వచ్చిన తమ్ముడు ఫిలిప్ ఒక వింత మనిషి. కొన్నాళ్ళు నాటకాలు వేశాడు, పెళ్ళి చేసుకోలేదు, కూలుతున్న ఇంట్లో వస్తువులకి కాపలా పడుకునేవాడు. ఒక్క వస్తువు కూడా బయటికి పోకూడదన్న షరతుతో 1973లో మొత్తం ట్రస్ట్‌కి రాసిచ్చేశాడు. బొగ్గు బోర్డు 1,20,000 పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది. అది చాలలేదు. పార్కు భూమిలో కొంత ఇళ్ళ స్థలాలకి అమ్మితే గానీ ఇల్లు నిలబడలేదు.

ఈ కథని సాధారణంగా ఇల్లే బాధితురాలన్నట్టు చెబుతారు. నాకది మింగుడు పడదు. అదే బొగ్గు పొరల్లో, రెక్సమ్‌కి అవతలి వైపు గ్రెస్‌ఫర్డ్ గనిలో 1934 సెప్టెంబరు 22న పేలుడు జరిగి 266 మంది పోయారు. చాలామంది శవాలు ఇప్పటికీ కిందే ఉన్నాయి. చనిపోయినవాళ్ళు షిఫ్టు పూర్తి చేయలేదని సగం రోజు కూలి కోసేశారని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఐదడుగులు కుంగిన ఇంటికి పరిహారం లెక్కగట్టిన తీరుకీ దీనికీ మధ్య ఎంత దూరముందో చూడండి. ఇంటిని కాపాడటం తప్పని కాదు నేననేది. ఇల్లు కుంగడాన్ని గని చేసిన అన్యాయంగా మాత్రమే చెబితే, ఆ గనిలో దిగిన మనుషులు మళ్ళీ కథలో పేరు లేని కొమ్ము కుర్రవాడి వరసలో చేరిపోతారు.

పెరటి దారిన రప్పించడం కూడా ఒక నాటకమే, ఇప్పటి మధ్యతరగతివాళ్ళకి పాత పనివాళ్ళ బతుకు ముచ్చటగా కనిపించేలా చేసే ఏర్పాటే అని కొందరంటారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. రొట్టెల వాసన, తుడిచి మెరిపించిన రాగి గిన్నెలు, పూలకుండీలు. పెరళ్ళు ఇప్పుడు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉన్నాయి. గుర్రాల పేడ, సున్నం, సబ్బు నీళ్ళు, మసి, చలికి పగిలిన చేతులు ఏవీ కనిపించవు. పోనీ, వాసన తీసుకురాలేరు. లెక్కలు తీసుకురావచ్చు. ఎర్దిగ్ కాగితాలు గుట్టలుగా మిగిలాయి, యార్క్‌లు వస్తువుల్లాగే కాగితాల్ని కూడా పారేసేవాళ్ళు కాదు. చాలావరకు ఫ్లింట్‌షైర్‌లోని హవార్డెన్‌లో భద్రపరిచారు. జేన్ ఎబ్రెల్ బొమ్మ పక్కన పద్యంతోపాటు ఆ కాలంలో ఇంటి పనిమనిషికి ఏడాదికిచ్చిన జీతం, ఆ ముందు గోడ రాతి తొడుగు లాంటి పనులకి వయట్ లాంటివాళ్ళకి చెల్లించే మొత్తం, రెండూ ఒకే పలక మీద రాసి పెడితే చాలు. లక్క తెర దగ్గర మద్రాసు, కొల్లూరు పేర్లతో నాలుగు వాక్యాలు. గెస్ట్‌బుక్కులో ఈ సలహా రాసి వచ్చాను.

వెళ్ళదలుచుకున్నవాళ్ళకి ఒక మాట: ఫొటోకోసం పడమటి వాకిట్లో టైం పోగొట్టుకోకండి. కొలిమి, కోత గొయ్యి, రాళ్ళ పెట్టె, వంటిల్లు, గంటల నడవా, బొమ్మల గది, ఈ వరసలో చూసి, ఆ తర్వాత ఓపికుంటే పైకి వెళ్ళండి. పిల్లలుంటే గోతిలోకి దిగకుండా చూసుకోండి.